పాపం మనసులో పెట్టుకుని ప్రభువు బల్లకు దూరంగా ఉండటం సరైనదేనా?

కాలువగట్టు:
అందరికీ వందనాలు. మా నాన్నగారి విషయంలో మా ఇంట్లో తలో మాట నడుస్తోంది. వాక్యం బాగా చదివినవాళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మాది సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చి. నెలలో మొదటి ఆదివారం సంస్కారం, అంటే ప్రభువు బల్ల: యేసు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాం. వరసలో వాళ్ళంతా లేచి బలిపీఠం దగ్గరకు వెళ్తుంటే నాన్న మాత్రం బెంచీ మీదే కూర్చుని, పక్కవాళ్ళు దాటడానికి మోకాళ్ళు ఓ వైపుకి తిప్పి దారి ఇస్తారు. ఏళ్ళ తరబడి ఇంతే. ఆరాధన మానరు, కానుక మానరు, తెల్లవారుజామున ప్రార్థన మానరు. కారణం ఇంట్లో అందరికీ తెలుసు. పెదనాన్నతో పొలం తగాదా వచ్చినప్పుడు నాన్న కోర్టులో అబద్ధ సాక్ష్యం చెప్పారు. అరెకరం మాకు వచ్చింది. పెదనాన్న ఆ తర్వాత మా గడప తొక్కలేదు, అలాగే పోయారు. "క్రీస్తు అడుగుజాడల్లో నడుస్తానని నోటితో చెప్పి, ఈ చేత్తో ఆ రొట్టె ఎలా అందుకోను?" అంటారు నాన్న.

నాకైతే నాన్నే నిజాయితీపరుడు అనిపిస్తుంది. శనివారం రాత్రి ఏం చేసినా ఆదివారం పొద్దున తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చి తీసుకునేవాళ్ళని చూస్తూనే ఉన్నాం కదా. మా అక్క మాత్రం, ఇది క్షమాపణను నమ్మకపోవడమే అంటుంది. మీరేమంటారు?

నర్సాపురం బ్రదర్:
వందనాలు బ్రదర్. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు గోదావరి డెల్టాలో నాటిన సహవాసంలో పెరిగినవాణ్ణి నేను. మాకు ప్రతి ఆదివారం రొట్టె విరుచుట ఉంటుంది. బల్లలో చేయి వేయడమంటే మాకు ఆటకాదు. ఒకరి మీద పాపం రుజువైతే పెద్దలు ఆ మనిషిని బల్ల నుంచి నిలిపేస్తారు. ఆ మనిషి వెనక బెంచీలో కూర్చుని వాక్యం వింటాడు, పశ్చాత్తాపం కనబడ్డాక తిరిగి చేర్చుకుంటారు.

బైబిల్లో కొరింథు సంఘానికి అపొస్తలుడు పౌలు రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) పదకొండో అధ్యాయం చదవండి. అయోగ్యంగా తిన్నందువల్లే మీలో చాలామంది బలహీనులూ రోగులూ అయ్యారు, కొందరు చనిపోయారు అంటాడు. ఐదో అధ్యాయంలో, తండ్రి భార్యను ఉంచుకున్న వాడితో భోజనం కూడా చేయవద్దంటాడు. ఈ రోజుల్లో ఈ భయమే పోయింది. మీ నాన్నగారిని ఎవరూ నిలపలేదు, ఆయనే తనని తాను నిలుపుకున్నారు. అలాంటి మనిషిని నేను గౌరవిస్తాను.

గుంటూరు లూథరన్:
బ్రదర్ గారు అధ్యాయం చదవమన్నారు, ఇరవై ఒకటో వచనం నుంచి చదువుదాం. కొరింథులో జరిగిందేమిటి? ఉన్నవాళ్ళు ముందే వచ్చి కడుపునిండా తిని తాగి మత్తులో ఉంటున్నారు, లేనివాళ్ళు ఆకలితో కూర్చుంటున్నారు. పౌలు కోపం దానిమీద. తన పాపం తలుచుకుని వణికే మనిషి మీద కాదు. పైగా, ఎవడికి వాడు పరీక్షించుకుని తినమన్నాడు, పరీక్షించుకుని ఇంటికి వెళ్ళిపొమ్మనలేదు.

మా లూథరన్ మిషను గుంటూరులో 1842లో హేయర్ దొరతో మొదలైంది. మా ఇళ్ళల్లో పిల్లలకు మొదట నేర్పేది లూథరు రాసిన ప్రశ్నోత్తరాలు. బల్లకు యోగ్యుడెవడు అన్న ప్రశ్నకు అందులో జవాబు: ఉపవాసాలూ అవీ మంచివే గానీ, "మీ కొరకు ఇయ్యబడినది" అన్న మాటను నమ్మినవాడే నిజంగా యోగ్యుడు. పాపం లేనివాడు అని రాయలేదు. అలా రాసుంటే ఆ బల్ల దగ్గర ఒక్కరూ ఉండరు, పాస్టరు అయ్యగారితో సహా.

అడుగుజాడల మాటకొస్తే, పత్రికలో ఆ మాట రాసిందెవరు? యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురు. సరే, అది పెంతెకొస్తుకు, అంటే శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజుకు, ముందు అంటారు. ఆ తర్వాత అంతియొకయలో మళ్ళీ పడ్డాడు కదా! యెరూషలేము నుంచి మనుషులు వచ్చేసరికి, అప్పటిదాకా అన్యజనులతో (యూదులు కానివాళ్ళతో) కలిసి తింటున్నవాడు భయపడి పక్కకు జరిగాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. పడకుండా నడిచేవాళ్ళ కోసమే ఆ అడుగుజాడలైతే పేతురుకే హక్కు లేదు.

ఇంకో సంగతి. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి దేకియు అందరూ దేవతలకు బలి ఇచ్చి తీరాలని ఆజ్ఞ వేశాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి సంఘంలో చాలామంది ప్రాణభయంతో లొంగిపోయారు. హింస తగ్గాక ఏడుస్తూ తిరిగొచ్చారు. రోములో నొవేషియన్ వీళ్ళని మళ్ళీ చేర్చుకోనే కూడదన్నాడు. కార్తేజి బిషప్పు సిప్రియన్ పశ్చాత్తాపం చూసి చేర్చుకుందాం, కానీ తొందర వద్దన్నాడు. రెండు మూడేళ్ళకు మళ్ళీ హింస వచ్చేలా ఉంది. అప్పుడు ఆయనా తోటి బిషప్పులూ కలిసి, పశ్చాత్తాపంలో ఉన్నవాళ్ళందరికీ వెంటనే బల్ల ఇవ్వాలని తీర్మానించారు. ప్రభువు కోసం రక్తం కార్చమని అడుగుతూ, ఆయన రక్తపు పాత్ర ఇవ్వకుండా పంపడం ఎలా అన్నది వాళ్ళ బాధ. బల్ల బలహీనుడికి బలం. మీ అక్క మాటే నా మాట.

నర్సాపురం బ్రదర్:
చరిత్ర బాగా చెప్పారు. అయితే మీ ఉదాహరణే నా మాటను బలపరుస్తోంది. వాళ్ళు అప్పటికే ఏళ్ళ తరబడి సంఘం ముందు కన్నీళ్ళు పెట్టుకుంటూ నిలబడినవాళ్ళు. సిప్రియన్ పిలిచింది వాళ్ళని. తప్పు కప్పిపుచ్చి ఏమీ జరగనట్టు వచ్చినవాళ్ళని కాదు.

మస్కట్ అక్క:
ఇద్దరూ బాగా రాశారు అన్నా. కానీ ఆ అరెకరం సంగతి ఎవరూ అడగలేదేంటి?

నేను ఇక్కడ ఒక ఇంట్లో వంటపని చేస్తాను. శుక్రవారం సెలవు దొరికితే రువీ చర్చి కాంపౌండ్‌లో తెలుగు ఆరాధనకు వెళ్తాను. నాకు మీ అంత చదువు లేదు. పొలం పంపకాల్లో మోసపోయిన ఇంటి పిల్లని మాత్రం నేను. మా నాన్న వాటా ఇలాగే పోయింది. మమ్మల్ని అలా చేసిన బంధువు కూడా చాలా భక్తిపరుడే. మా అమ్మని చూస్తే తల దించుకునేవాడు. మా అమ్మకి కావలసింది ఆ దించిన తల కాదు. నన్ను చదివించడానికి ఆ పొలం కౌలు డబ్బులు కావాలి.

తమ్ముడూ, కష్టంగా అనిపిస్తే క్షమించు. మీ నాన్నగారు బల్ల మానేసి ఎవరికి ఏం తిరిగిచ్చారు? పెదనాన్న పోయారు నిజమే, ఆయన పిల్లలు ఉన్నారు కదా. ఆ బాధంతా నిజమే అయ్యుంటుంది, నేను కాదనను. కానీ బల్ల మానుకోవడానికి రూపాయి ఖర్చు లేదు, పొలం తిరిగివ్వడానికి ఉంది. ఆయన ప్రతి నెలా చిన్న శిక్ష వేసుకుని పెద్ద బాకీ వాయిదా వేసుకుంటున్నారని నాకు అనిపిస్తోంది.

కాలువగట్టు:
అక్కా, మీ మాట చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. పెదనాన్న కొడుకు రాజమండ్రిలో ఆటో నడుపుతాడు. పొలం మా చేతుల్లోనే ఉంది, కౌలుకిచ్చాం. ఆ మాట ఎత్తితే నాన్న అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోతారు.

నర్సాపురం బ్రదర్:
సిస్టర్ చెప్పింది వాక్యానుసారం. మత్తయి ఐదో అధ్యాయంలో ప్రభువే చెప్పాడు: నీ మీద నీ సహోదరుడికి ఏమైనా ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి వెళ్ళి, ముందు సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు. కాబట్టి ముందు పొలం, తర్వాత బల్ల. మీ నాన్నగారు ఇన్నాళ్ళూ సగం విన్నారు. అర్పణ వదిలేశారు గానీ లేచి వెళ్ళలేదు. నేనూ మొదట ఆయన్ని మెచ్చుకున్నప్పుడు ఆ సగమే చూశాను.

గుంటూరు లూథరన్:
పొలం ఇవ్వాలి, అందులో రెండో మాట లేదు. కానీ "ముందు పొలం, తర్వాత బల్ల" అని షరతు పెడితే నేను ఒప్పుకోను. సువార్తలో అన్యాయంగా డబ్బు గుంజిన సుంకాల అధికారి జక్కయ్య విషయంలో వరస చూడండి. నాలుగింతలు తిరిగిస్తేనే నీ ఇంటికి వస్తానని యేసు అనలేదు. చెట్టు మీద ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలిచి, నేడు నీ ఇంట ఉండాలి అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పాపి ఇంటికి వెళ్ళాడని సణిగారు. ఆ తర్వాత కదా జక్కయ్య నిలబడి సగం ఆస్తి బీదలకు అన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు ఇస్తానన్నాడు. ఇన్నేళ్ళు ఎండబెట్టినా మీ నాన్నగారికి ఆ ధైర్యం రాలేదంటే, తిండి పెట్టి చూడాలి.

మస్కట్ అక్క:
అన్నా, జక్కయ్య ఆ మాట వాయిదా వేయకుండా చెప్పాడు, అది మర్చిపోవద్దు. పొలం దగ్గర పెట్టుకుని నెలనెలా బల్ల తీసుకుంటే మా అమ్మలాంటి వాళ్ళకి ఆ సంఘంలో కూర్చోబుద్ధి కాదు. ప్రభువు బల్ల ఆయనది, ఎవరిని పిలుస్తాడో ఆయన ఇష్టం. కానీ ఆ వరసలో అన్యాయమైపోయినవాళ్ళు కూడా నిలబడతారు. వాళ్ళ వైపు నుంచి ఎవరూ మాట్లాడటం లేదు, అందుకే నేను రాస్తున్నాను.

తమ్ముడూ, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు రాజమండ్రి వెళ్ళి ఆ అబ్బాయితో "మీ నాన్న చెప్పిందే నిజం, మేం చెప్పింది అబద్ధం" అని ఆ ఒక్క ముక్క చెప్పండి. పొలం కంటే ఆ మాట కోసమే మా అమ్మ ఎక్కువ ఎదురుచూసింది. నాన్నగారు వెళ్ళలేకపోతే నువ్వు వెళ్ళు. ఇంతకీ పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉంది?

కాలువగట్టు:
నా పేరు మీదే అక్కా. నా పెళ్ళప్పుడు నాన్న రాయించారు.

నాన్న బల్లకు దూరంగా ఉండటం ఉత్త వేషమని మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆయన ఏడవడం నేను చూశాను. రాజమండ్రి వెళ్ళే విషయం అక్కతో మాట్లాడుతున్నాను. నాన్నకి చెప్పి వెళ్ళాలా, చెప్పకుండానా అన్నది ఇంకా తేలలేదు. ఈ విషయంలో కూడా పెద్దలు ఒక మాట చెప్తే మేలు.