పొద్దున్నే నీలం పొగ: ఇంజిన్ విప్పాలా, వాల్వ్ సీల్స్ మారిస్తే చాలా?

కృష్ణలంక కారు:
మాది 2011 మోడల్ పెట్రోల్ కారు. 1.2 లీటర్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. నాలుగు నెలలుగా పొద్దున్న మొదటిసారి స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లోంచి నీలం పొగ గుప్పుమంటోంది. అర నిమిషంలో తగ్గిపోతుంది, తర్వాత రోజంతా కనబడదు. ఆయిల్ మాత్రం వెయ్యి కిలోమీటర్లకు 400 మిల్లీలీటర్ల దాకా తగ్గుతోంది. ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్తే పొగ చూడగానే "బోరుకొచ్చింది సార్, ఇంజిన్ దించాల్సిందే, 45 వేలవుతుంది" అన్నారు. అంటే సిలిండర్ల గోడలు అరిగిపోయాయని. కనీసం ప్లగ్గు కూడా విప్పలేదు. ఇంకో మెకానిక్ "వాల్వ్ సీల్సే, ఆరు వేలలో అయిపోద్ది" అన్నాడు. వాల్వుల కాడల చుట్టూ ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు ముక్కలట అవి. నాన్నగారు కొన్న కారు, అమ్మే ఉద్దేశం లేదు. ఎవరి మాట నమ్మాలో చెప్పండి.

తిరుమల ఘాట్:
రెండో మెకానిక్ మాటే నమ్మండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని మాత్రమే అర్థం. ఆ ఆయిల్ ఏ దారిన లోపలికి వస్తోందో రంగు చెప్పదు, పొగ ఎప్పుడు వస్తోందన్నది చెబుతుంది. రాత్రంతా బండి ఆగి ఉంటే, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ పైన నిలిచిన ఆయిల్ ముదిరిపోయిన సీల్స్ పక్కనుంచి వాల్వ్ కాడ వెంబడి చుక్క చుక్కగా దిగుతుంది. పొద్దున్న స్టార్ట్ చేయగానే ఆ కాస్తా కాలిపోయి ఆగిపోతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే.

నేను పదిహేనేళ్లుగా కొండ మీదికి టాక్సీ నడుపుతున్నాను. మాకు ఘాట్ రోడ్డే టెస్టింగ్ మిషన్. ఎక్కేటప్పుడు, అంటే ఇంజిన్ మీద లోడు పడ్డప్పుడు వెనక నీలంగా వదులుతుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానపడాలి. దిగేటప్పుడు గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాం కదా, అప్పుడు గాలి లోపలికెళ్లే దారి, అంటే త్రాటిల్, మూసుకుని ఇంజిన్ గట్టిగా పీలుస్తుంది. ఆ పీల్పుకి సీల్స్ దగ్గర ఆయిల్ లోపలికి లాగబడుతుంది. వాలు దిగాక మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారి గుప్పుమంటే సీల్సే. వెనక బండిలో ఒకరిని పెట్టుకుని ఏదైనా పొడవాటి వాలులో చూడండి. మీ అద్దంలో చూస్తే ఆ పొగ దొరకదు.

లేత్ పని:
తిరుమల ఘాట్ గారు చెప్పింది తప్పు కాదు గానీ సగమే. ముప్పై ఏళ్లుగా లేత్ షెడ్డులో ఇంజిన్ బ్లాకులు బోర్ చేస్తున్నాను. పొద్దున్నే పొగ వచ్చిన ప్రతి బండికీ సీల్స్ మార్చుకుంటూ పోతే మూడు నెలలకి మళ్లీ షెడ్డులోనే కనబడతారు. వెయ్యి కిలోమీటర్లకు 400 మిల్లీలీటర్లు ఒక్క సీల్స్ దగ్గరే పోతోందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఆయిల్ చేంజ్ ఆలస్యం చేసే బళ్లలో మూడో రింగు, అంటే ఆయిల్ రింగు, కార్బన్ పట్టి గాడిలో బిగుసుకుపోతుంది. సిలిండర్ గోడ మీద ఆయిల్ గీకలేక పైకి వదిలేస్తుంది. విప్పితే అన్నీ కంటికి కనబడతాయి. పైగా కాలిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. ఆరు వేలతో సరిపెట్టుకుందామని చూస్తే అటువైపు పెద్ద ఖర్చు పడుతుంది.

గుంటూరు 20డబ్ల్యూ50:
ఇంత టెన్షన్ ఎందుకన్నా, చిక్కటి ఆయిల్ పోయించు. మా బాబాయి బండికి అలాగే తగ్గింది.

తిరుమల ఘాట్:
తమ్ముడూ, చిక్కటి ఆయిల్‌తో పొగ కొంత తగ్గొచ్చు, జబ్బు తగ్గదు. పల్చటి ఆయిల్‌కి తయారుచేసిన ఇంజిన్‌లో చల్లగా ఉన్నప్పుడు అది పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది. మాన్యువల్‌లో ఉన్న గ్రేడ్ దాటొద్దు.

లేత్ పని గారికి: విప్పితే కనబడుతుందన్నారు, నిజమే. కానీ విప్పడం పరీక్ష కాదండీ, ఆపరేషన్. హోనింగ్, అంటే సిలిండర్ గోడను రాయితో రుద్దడం, సరిగ్గా కుదరకపోతే కొత్త రింగులు కూడా ఆయిల్ తాగుతాయి. ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, చూడాలి. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్లకు, ఇగ్నిషన్‌కు కరెంట్ తప్పించి, ప్లగ్గు రంధ్రంలో గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. ఏ సిలిండర్‌లో తక్కువొస్తే అందులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొట్టాలి. రీడింగ్ పెరిగితే లోపం రింగుల్లో, బోరులో. పెరగకపోతే వాల్వులో, హెడ్ కింద ఉండే హెడ్ గాస్కెట్‌లో. ఇదేమీ చేయకుండా 45 వేలు చెప్పడం అన్యాయం. అంతకన్నా ముందు పీసీవీ వాల్వ్, అంటే ఇంజిన్ లోపల చేరే ఆవిర్లను మళ్లీ గాలి దారిలోకి పంపే వాల్వ్, తీసి ఊపి చూడండి. చాలా బళ్లలో లోపల గలగలమనాలి. జామ్ అయితే ఇంజిన్ ఇలాగే ఆయిల్ తాగుతుంది. ఆ ముక్క ఖరీదు చాలా తక్కువ.

లేత్ పని:
కొలవకుండా దించమనడం తప్పే, ఆ షెడ్డువాళ్లను నేను వెనకేసుకురాను. కానీ గేజ్‌ను మరీ నమ్మొద్దు. కంప్రెషన్ పట్టేది ముఖ్యంగా పై రెండు రింగులు. మూడోది బిగుసుకుపోయినా గేజ్ బ్రహ్మాండంగా చూపిస్తుంది, చెంచా ఆయిల్ పోసినా తేడా తెలియదు. ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా దించి పిస్టన్ తల చూడమనండి. అంచు చుట్టూ ఆయిల్ కడిగేసినట్టు తళతళమంటుంటే కింది నుంచి వస్తోంది. వాల్వ్ కాడ, దాని వెనక భాగం తడితడిగా ఉంటే పైనుంచి.

అరకు చలి:
మధ్యలో వస్తున్నాను. మా దగ్గర డిసెంబరులో ప్రతి బండీ తెల్లగా వదులుతుంది, అదీ రిపేరేనా?

తిరుమల ఘాట్:
కాదు. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా బయటికొస్తుంది. చలికి అది తెల్లగా కనబడి కాసేపట్లో గాల్లో కలిసిపోతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ, తియ్యటి వాసన వేసి, కూలెంట్ తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్ చూపించండి. ఆ బండిని ఇక నడపొద్దు.

కృష్ణలంక కారు:
అందరికీ ధన్యవాదాలు. ఇద్దరూ చెప్పినవన్నీ వేరే మెకానిక్ దగ్గర, పక్కనే నిలబడి చేయించాను. పీసీవీ బాగానే ఉంది. కంప్రెషన్ చదరపు సెంటీమీటరుకు 12.5, 12, 12, 12.5 కేజీలు వచ్చింది, నాలుగూ దాదాపు సమానమే. కెమెరాలో మూడో సిలిండర్ వాల్వ్ కాడ జిడ్డుగా కనబడింది. పిస్టన్ అంచు కూడా ఒకవైపు కొంచెం మెరుస్తోంది, అదీ దాచకుండా చెబుతున్నాను.

సీల్స్ మార్చాలని నిర్ణయించుకున్నాం. హెడ్ దించలేదు. మెకానిక్ ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు లోపలికి జొనిపి, క్రాంక్‌ను చేత్తో తిప్పాడు. పిస్టన్ పైకొచ్చి తాడును వాల్వులకు అదిమి పట్టుకుంది. స్ప్రింగు తీసినా వాల్వు కిందికి జారలేదు. అలా ఒక్కో సిలిండరే చేశాడు. పాత సీలు నా చేతిలో పెట్టాడు. రబ్బరులా సాగాల్సింది గోటితో నొక్కితే బిస్కెట్‌లా విరిగింది.

లేత్ పని:
మంచి పని చేశారు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ ఎంత తగ్గిందో ఇక్కడ రాయండి.

కృష్ణలంక కారు:
ఐదు వారాలైంది. పొద్దున్న పొగ ఒక్కసారి కూడా రాలేదు. అమ్మ వాకిట్లో నిలబడి చూసి మరీ చెబుతోంది. ఆయిల్ మాత్రం వెయ్యికి 150 మిల్లీలీటర్లు ఇంకా తగ్గుతోంది. ఇది రింగుల వాటానేనా?

లేత్ పని:
అవును, నా లెక్కన అది ఆయిల్ రింగు వాటా. అయినా ఇప్పుడు దించమని చెప్పను. కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లో ఇంతకన్నా ఎక్కువ వాడకాన్ని కూడా మామూలే అని రాస్తారు. ఆయిల్ చేంజ్ పదివేలకు కాకుండా ఐదువేలకే చేయించండి. 150 కాస్తా 300 అయిందంటే అప్పుడు నా దగ్గరికి రండి.

తిరుమల ఘాట్:
400లో 250 పైనుంచే పోయిందన్నమాట. సీల్స్ ఒక్కటే చాలన్నాను, ఆ మాట మార్చుకుంటున్నాను. లేత్ పని గారి కెమెరా సలహా ఇకనుంచి మా టాక్సీ స్టాండులో అందరికీ చెబుతాను.

కృష్ణలంక కారు:
డిక్కీలో లీటరు డబ్బా, చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఆదివారం ఆదివారం డిప్‌స్టిక్ చూసి రాస్తున్నాను. ఐదువేలు దాటాక మళ్లీ రాస్తాను.