మాత్ర మానినవారికే శిక్షణ అనడం సబబేనా?

పలమనేరు మాజీ హవల్దార్:

మా మాజీ సైనికుల సంఘం పోయిన సమావేశంలో ఒక తీర్మానం సగంలో ఆగిపోయింది. దాని మీద ఇక్కడి సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను. మాలో కొందరు నడుము నొప్పికో, మోకాళ్ల నొప్పికో మొదలుపెట్టిన ట్రమడాల్ (ఓపియాయిడ్, అంటే నల్లమందు జాతి నొప్పి మందు) మాత్రలను ఏళ్లు గడిచినా మానలేకపోతున్నారు. వారిలో ఇద్దరు ముగ్గురిని సరిహద్దులో చూసిన దృశ్యాలు ఇప్పటికీ నిద్రపోనివ్వవు. అమెరికాలో ఇటువంటి మాజీ సైనికులకు మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ ఇస్తున్నారు. శ్వాస మీద, ఒంట్లో కలిగే అనుభూతుల మీద ధ్యాస నిలిపి, వాటిని తోసివేయకుండా, వాటి వెంట పడిపోకుండా గమనించడం నేర్పే ఎనిమిది వారాల తరగతులు అవి. దీర్ఘకాలిక నొప్పికి ఓపియాయిడ్ మందులు వాడుతున్న 230 మంది మాజీ సైనికులు, సైనికోద్యోగులపై జరిపిన అధ్యయనం 2024లో వెలువడింది. శిక్షణ పొందినవారు తమ మోతాదును సుమారు 21 శాతం తగ్గించుకోగా, మామూలు బృంద చికిత్సలో ఉన్నవారు 4 శాతమే తగ్గించుకోగలిగారు.

సంఘం నిధితో ఒక శిక్షకుణ్ణి పిలిపించడానికి అందరూ ఒప్పుకున్నారు. నేను పెట్టమన్న ఒక్క నిబంధన దగ్గరే గొడవ వచ్చింది. చేరే నాటికి మాత్రలు పూర్తిగా మానినవారినే తీసుకోవాలని నా వాదన. అయ్యప్ప మాల వేసుకున్నవాడు నలభై ఒక్క రోజులు ఏ మత్తూ ముట్టకుండా ఉండగలుగుతున్నాడు కదా. నియమం లేనిదే సాధన నిలవదని నా నమ్మకం.

తిరుపతి యోగా మాస్టారు:

హవల్దార్ గారి నిబంధన న్యాయమైనదే. మత్తులో జోగే మనసు దేనిని గమనించగలదు? ఇంకొక మాట. ఇది అమెరికా విద్య కాదు. బౌద్ధుల సతిపట్ఠాన సాధననుంచి తీసుకున్న దానిని జాన్ కబట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రోగులకు అనువుగా మలిచారు. మన పెరట్లోని చెట్టు మందుకు పనికిరాదని అనుకోవడం మనకు మామూలే.

రేణిగుంట మానసిక వైద్య విభాగం నర్సు:

మాస్టారు గారూ, చెట్టు ఎవరి పెరటిదైనా నాకు అభ్యంతరం లేదు. హవల్దార్ గారూ, మీరు ఉదహరించిన అధ్యయనంలో చేరిన 230 మందీ మందు వాడుతున్నవారే. మీ నిబంధన అక్కడ ఉండి ఉంటే వారిలో ఒక్కరూ గడప దాటేవారు కారు. 2023లో వెలువడిన మరో అధ్యయనంలో ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మెథడోన్ అనే మందుతో చికిత్స పొందుతున్న 154 మందికి మందు ఆపకుండానే ఈ శిక్షణను జోడించారు. శిక్షణ పొందినవారిలో చికిత్సను మధ్యలో విడిచిపెట్టినవారు తక్కువ. మందునూ సాధననూ సవతుల్లాగా చూడవలసిన అవసరం లేదని దీన్నిబట్టి నాకు అర్థమయింది.

మీ మాల పోలికే నన్ను ఎక్కువగా భయపెట్టింది. మాల తీసిన రాత్రే సీసా ముందు కూర్చునేవారిని మనమందరమూ చూశాం. ఓపియాయిడ్ల విషయంలో ఆ రాత్రి ప్రాణం మీదికి తెస్తుంది, ఎందుకంటే కొన్ని వారాలు మానేసరికి శరీరం వెనుకటి మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది, మనిషి మాత్రం పాత లెక్కనే గుర్తుపెట్టుకుని అన్ని మాత్రలూ వేసుకుంటాడు, నిద్రలోనే ఊపిరి మందగించి ఆగిపోవచ్చు. అందుకే వైద్యులు మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు, లేదా వ్యసనం ముదిరినవారికి నాలుక కింద పెట్టుకునే బ్యూప్రినార్ఫిన్ వంటి మందు మీద ఉంచుతారు. అటువంటి మందు మీద ఉన్నవారిని “ఇంకా మానలేదు” అని తీసిపారేయడం ఇన్సులిన్ వాడే షుగర్ రోగిని తీసిపారేయడం వంటిది.

ఈ శిక్షణలో ఏం చేయిస్తారో కూడా చెప్పాలి. నొప్పి అనే ముద్దను విడదీసి చూడమంటారు. ఇక్కడ మంట, ఇక్కడ బిగువు, ఇక్కడ తిమ్మిరి, ఈ పక్కన ఏమీ లేదు అని. మాత్ర వేసుకునే ముందు మూడు నిమిషాలు శ్వాసను గమనించి, ఇప్పుడు అడుగుతున్నది నొప్పా, తపనా అని తేల్చుకోమంటారు. చేతిలో మాత్ర ఉన్నవాడే నేర్చుకోగల పాఠం అది. మాత్ర మానినవాడికి దానితో పనేముంది?

తిరుచానూరు, ఆర్మీ మెడికల్ కోర్ విశ్రాంత నాయక్:

మీరందరూ శిక్షణ మోయలేని బరువును దాని మీద పెడుతున్నారు. వియత్నాంలో పనిచేసిన అమెరికా సైనికులలో సుమారు ఐదో వంతు మంది అక్కడ హెరాయిన్ వంటి మత్తుకు బానిసలమయ్యామని చెప్పుకున్నారు. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వారిని వెంబడించి చూడగా, ఇల్లు చేరిన తొలి ఏడాదిలో మళ్లీ బానిసలైనవారు వారిలో 5 శాతమే. వారికి ఎవరూ ధ్యానం నేర్పలేదు. చోటు మారింది, సరుకు దొరకలేదు, అలవాటు ఊడింది. కేంద్రం 2018లోనే ట్రమడాల్‌ను మత్తుపదార్థాల చట్టం కిందికి తెచ్చింది, అయినా చీటీ లేకుండా ఇచ్చే దుకాణం ఎక్కడుందో మనవాళ్లకు తెలుసు. మీ నిధిని ఆ దారి మూయించడానికి ఖర్చుపెట్టండి.

2015 నాటి అధ్యయనాన్నీ చదవండి. యుద్ధ గాయం మనసులో మిగిలిన 116 మంది మాజీ సైనికులలో, ధ్యాన శిక్షణ పొందినవారిలో 49 శాతం మందికీ, మరో చికిత్స పొందినవారిలో 28 శాతం మందికీ రెండు నెలల తరువాత చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. కాని జబ్బు పూర్తిగా పోయినవారి లెక్కలో రెండు వర్గాలకూ పెద్ద తేడా లేదు. అన్నట్టు, మన మాజీ సైనికులలో అసలు సమస్య క్యాంటీన్ రమ్ము. దాని ఊసు ఎవరూ ఎత్తలేదే!

బంగారుపాళెం గృహిణి:

నాయక్ అన్నగారూ, రమ్ము ఊసు నేను ఎత్తుతాను. మన భాషలో మందు అంటే ఔషధమూ అదే, సారాయీ అదే, రాళ్లను పేల్చేదీ అదే. మా ఇంట్లో ఈ మూడూ ఒకే మధ్యాహ్నం కలిసేవి. ఊరి అవతల గ్రానైట్ క్వారీలో మందు పేల్చే ముందు సైరన్ ఊదుతారు. అది వినబడగానే మా ఆయన చేతిలోని అన్నం ముద్దను కంచంలోకి వదిలేసి గోడకు వీపు ఆనించేవారు. పేలుడు అయిపోయాక ఒక మాత్ర, సాయంత్రానికి ఒక గ్లాసు. రెండూ కలిస్తే ఊపిరికి ప్రమాదమని డాక్టరు గారు చెప్పేవరకు మాకు తెలియదు.

తిరుపతిలో ఒక సైకాలజిస్టు దగ్గర మా ఆయన ఈ సాధన నేర్చుకున్నారు. మొదటి వారం కళ్లు మూసుకోమంటే మూసుకున్నారు, మూసుకున్నందుకు రెండు రాత్రులు నిద్రపోలేదు. కళ్ల వెనుక ఏముందో ఆయనకే తెలుసు. ఆ మాట చెప్పిన తరువాత ఆ అమ్మాయి పద్ధతి మార్చింది. కళ్లు తెరిచే ఉంచి, చెప్పులు విడిచి, అరికాళ్ల కింద గచ్చు చల్లదనాన్ని మాత్రమే గమనించమంది. ఇప్పుడు సైరన్ మోగితే ఆయన అన్నం ముద్ద పట్టుకునే ఉంటారు, చెయ్యి వణుకుతుంది, కాళ్లు మాత్రం నేలకు అదిమి ఉంటాయి. మాత్రలు ఆరునుంచి రెండుకు దిగాయి. అది డాక్టరు తగ్గించినందుకా, సాధన వల్లనా అని అడిగితే నేను చెప్పలేను, రెండూ కలిసే జరిగాయి. గ్లాసు పూర్తిగా పోలేదు.

హవల్దార్ అన్నగారూ, మీ నిబంధన ఆనాడు ఉండి ఉంటే మా ఆయన మీ తలుపు దగ్గరనుంచే తిరిగివచ్చేవారు. మాత్ర మానలేనని నలుగురిలో ఒప్పుకోవడం కంటే ఇంట్లో పడుకోవడమే ఆయనకు సులభం.

రేణిగుంట నర్సు:

అమ్మా, కళ్ల సంగతి చెప్పి మంచి పని చేశారు. మనసు గాయపడినవారికి మౌనమూ, మూసిన కళ్లూ ఒక్కొక్కసారి ఆ గాయాన్నే రేపుతాయి. కాబట్టి శిక్షకుడు ఎవరైనా సరే, అటువంటిది జరిగినప్పుడు ఆపడం తెలిసినవాడై, వెనుక ఒక వైద్యుడు ఉన్నవాడై ఉండాలి. నాయక్ గారి లెక్క నిజమే. గాయం లోతుగా ఉన్నవారికి ఆ సంఘటనను వైద్యుల సాయంతో నేరుగా ఎదుర్కొనే చికిత్సలు వేరే ఉన్నాయి, ఈ శిక్షణ వాటికి బదులు కాదు. కాని వియత్నాం పోలిక ఇక్కడ అతకదు. వారు మత్తు దొరికే చోటును వదిలి ఇల్లు చేరారు. మనవారికి ఇల్లూ, నొప్పీ, దుకాణమూ ఒకే వీధిలో ఉన్నాయి.

తిరుపతి యోగా మాస్టారు:

కళ్లు తెరిచి చేయించవచ్చునని నాకు తట్టలేదు. నా తరగతులలో అందరిచేతా మూయిస్తాను. మధ్యలో లేచి వెళ్లిపోయినవారు కొందరు గుర్తుకు వస్తున్నారు.

పలమనేరు మాజీ హవల్దార్:

చెల్లెమ్మ రాసినది రెండుసార్లు చదివాను. మాత్రలు మానాలన్న నిబంధనను వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు, మోతాదును ఎవరు చూస్తున్నారో తెలిపే వైద్యుడి చీటీ తేవాలని ప్రతిపాదిస్తాను. తాగి తరగతికి రాకూడదన్న మాట మాత్రం వదులుకోను. నాయక్ గారు దుకాణాల విషయం పట్టించుకుంటానంటే ఫిర్యాదు మీద మొదటి సంతకం నాదే.

తిరుచానూరు విశ్రాంత నాయక్:

రెండో సంతకం నాది. శిక్షణ మీద నా అనుమానం అట్లాగే ఉంది. అయినా మొదటి ఆదివారం వచ్చి వెనుక వరుసలో కూర్చుంటాను. కుర్చీలు మాత్రం తలుపు కనబడేటట్టు వేయించండి.