సమస్యాపూరణం: బరువు హెచ్చైన సైకిలే పరుగు లెత్తు

గణయతి (నిర్వహణ):
ఈ వారం సమస్య తేటగీతి పాదం:

*బరువు హెచ్చైన సైకిలే పరుగు లెత్తు*

దీని వెనుక నా స్వార్థం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. రోడ్డు సైకిలు కొందామని బయలుదేరి మూడింటి దగ్గర ఆగిపోయాను. మూడూ మధ్యరకం ధరవే. మొదటిది కార్బన్ ఫ్రేము, వెనుక పది గేర్ల టియాగ్రా (షిమానో వారి గేర్ల సెట్టు), చక్రపు అంచును పట్టే రిమ్ము బ్రేకులు. రెండవది అల్యూమినియం ఫ్రేము, వెనుక పన్నెండు గేర్ల షిమానో 105 సెట్టు, డిస్కు బ్రేకులు. మూడవది ఉక్కు ఫ్రేము. మొదటిదానికీ రెండవదానికీ కిలో తేడా. ఆ కిలో నన్ను నిద్రపోనివ్వడం లేదు. మీ పద్యాలతోనైనా తేలుతుందేమో చూద్దాం.

పాతచైను:

కొలత కుదరని కార్బను కొనిన నేమి
మెడయు నడుమును నొప్పితో మెలిక పడును
ఒడలి కమరిన యది యైన నోర్పు పెరుగ
బరువు హెచ్చైన సైకిలే పరుగు లెత్తు

గణయతి:
మొదటి పూరణే గురి చూసి కొట్టింది, పాతచైను గారూ. ఒక్క లోపం. 'పడును' తర్వాత మూడవ పాదాన్ని అచ్చుతో ఎత్తుకున్నారు. 'మెలిక పడగ / నొడలి కమరిన' అంటే సంధి కుదురుతుంది, మొదటి రెండు పాదాలూ ఒకే వాక్యంగా అతుక్కుంటాయి. యతికి ఇబ్బంది లేదు.

పాతచైను:
సవరణకు నమస్కారం. అది అనుభవంతో రాసిన పద్యం. ఫ్రేము మీద సైజు 54 అని ఉంటే చాలనుకుని ఒకసారి కొన్నాను. నా పాత సైకిలూ 54దే. రెండూ పక్కపక్కన నిలబెడితే హ్యాండిలు ఎత్తులో రెండు వేళ్ళ తేడా! ఒక్కో తయారీదారు ఒక్కోచోట కొలుస్తాడు. పోల్చవలసినవి స్టాక్, రీచ్. పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి హ్యాండిలును మోసే గొట్టం పైకొస దాకా నిలువు కొలత స్టాక్, అడ్డు కొలత రీచ్. పందెపు సైకిలుకు స్టాక్ తక్కువ, రీచ్ ఎక్కువ. అంటే రోజంతా వంగి దండం పెట్టాలి. మీ మూడింటికీ ఈ రెండు అంకెలూ రాసుకున్నారా?

గణయతి:
లేదు. బరువులు మాత్రం కంఠస్థం.

గతుకులదారి:

సన్న టైరులు గతుకుల జడిసి యెగురు
వెడద టైరున గాలిని వెలితి చేయ
దారి నరచేతితో బట్టి తరలు నట్లు
బరువు హెచ్చైన సైకిలే పరుగు లెత్తు

గణయతి:
'సన్న'కు 'జడిసి' సరసయతి, నిర్దోషం. మూడవ పాదం చదివి రెండు నిమిషాలు కదలలేదు. టైరు రోడ్డును ముట్టుకునే చోటు నిజంగా అరచేతికి మించదు. ఆ పోలిక ఎంత సహజంగా వచ్చిందో!

సందేహి:
పద్యం బాగుంది, భావం మీదే నా అభ్యంతరం. గాలి తక్కువైతే టైరు నేలను పట్టుకుని ఈడ్చుకుపోతుంది. చిన్నపిల్లవాడికీ తెలుసు. కవి గనుక ఏమైనా అనవచ్చునా?

గతుకులదారి:
అద్దంలాంటి నేల మీద మీ మాటే నిజం, సందేహి గారూ. గరుకు రోడ్డు మీద రాయిలా బిగిసిన టైరు ప్రతి చిన్న ఎత్తుకూ సైకిలునూ మనిషినీ కలిపి పైకి ఎగరేస్తుంది. కాళ్ళు పెట్టిన శక్తిలో కొంత ఒళ్ళు కుదుపుల్లో పోతుంది. మెత్తటి టైరు ఆ ఎత్తును తనలోకి మింగుతుంది. అయితే 'వెలితి' అన్నాను, 'ఖాళీ' అనలేదు. 25 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు పట్టించే గాలి 32కు అక్కరలేదని మాత్రమే అర్థం.
గణయతి గారికి ఒక మాట. టైరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఫ్రేములో దానికి చోటు మాత్రం తర్వాత పుట్టదు. రిమ్ము బ్రేకుల ఫ్రేముల్లో చాలావాటికి 28 దగ్గరే దారి మూసుకుపోతుంది. మీ కార్బన్‌ది చూశారా?

గణయతి:
ఇప్పుడే చూశాను. 28.

కొత్తగొంతు:
మొదటి ప్రయత్నం, పెద్దలు మన్నించాలి.

ముందు ముప్పది నాలుగు వెనుక నంతె
పండ్లు గలిగిన నెక్కుట పాట యగును
కొండ నడుమను తేలిక గుర్ర మలయ
బరువు హెచ్చైన సైకిలే పరుగు లెత్తు

గణయతి:
స్వాగతం, కొత్తగొంతు గారూ. గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో 'ము'కు 'వె'తో యతి చెల్లదు. భావం వదులుకోలేక నేనే ఇలా మార్చి చూశాను:

ముందు వెనుకల సమముగ మూడు పదుల
నాల్గు పండ్లున్న నల్లేరు నడక యగును
కొండ యెక్కుట, తేలిక గుర్ర మలయ
బరువు హెచ్చైన సైకిలే పరుగు లెత్తు

మీ 'పాట' పోయినందుకు విచారిస్తున్నాను.

కొత్తగొంతు:
పాట పోయి నల్లేరు వచ్చింది, లాభమే! గొలుసు తిరిగే పళ్ళచక్రాలకు ముందు 34, వెనుక 34 పళ్ళుంటే పెడలు ఒక చుట్టుకు చక్రమూ ఒక చుట్టే, ఇంచుమించు 2.1 మీటర్లు. నిమిషానికి అరవై చుట్లు తొక్కినా గంటకు ఏడున్నర కిలోమీటర్లు. నవ్వుకోండి, కాని ఏటవాలులో దిగి నెట్టనక్కరలేదు. వెనుక పెద్ద పళ్ళచక్రం 28 పళ్ళదైతే మోకాళ్ళు మాట్లాడతాయి.

తూకంరాయి:

తనదు పొట్టను తగ్గించ దలచ డొకడు
కొద్ది గ్రాములకై నోట్లు కుమ్మరించు
సాధనము చేసి పదునైన జంఘ లుండ
బరువు హెచ్చైన సైకిలే పరుగు లెత్తు

సందేహి:
ఇది నిర్వాహకుల మీద వ్యక్తిగత దాడి. హాయిగా నవ్వుకున్నాను.

గణయతి:
దెబ్బ తగిలింది. దోషం ఒక్కటైనా దొరికితే బాగుండునని రెండుసార్లు గణవిభజన చేశాను, దొరకలేదు.

తూకంరాయి:
కోపగించుకోకండి, లెక్క చెబుతాను. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలనుకుందాం. అందులో కిలో అంటే 1.25 శాతం. గంట పట్టే నిటారు కొండ మీద అది 45 సెకన్లు. చదును నేల మీద మీ ఎదురు శత్రువు గాలి, దానికి మీ ఫ్రేము తూకంతో పని లేదు. పందేల సైకిళ్ళే 6.8 కిలోలకు తగ్గరాదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం. మీరు 45 సెకన్ల కోసం ఎవరితో పోటీ పడుతున్నారు?

గణయతి:
మా పొరుగింటి కుర్రాడితో. ఆ సంగతి వదిలేయండి.
కార్బన్ జాబితా నుంచి దిగిపోయింది. బరువు వల్ల కాదు, దాని స్టాక్ నా నడుముకు సరిపడక, టైరుకు చోటు లేక. మిగిలిన రెండిటిలోనూ 32 టైరు పడుతుంది, రెండిటికీ వెనుక 34 పళ్ళు ఉన్నాయి. ఇక రెండింటినీ గంటసేపు తొక్కి చూడాలి. ఉక్కుది చూడముచ్చటగా ఉందని మనసు అటే లాగుతోంది. దాన్ని ఏ గణంలో పెట్టాలో తెలియడం లేదు.

వచ్చే వారానికి సమస్య, డిస్కు బ్రేకుల అభిమానులకు అంకితం:

*బ్రేకు పట్టిన వానికే వేగ మబ్బు*

సందేహి:
బకార వకారాలకు యతి చెల్లుతుంది, ఒప్పుకున్నాను. భావానికి మాత్రం ఇప్పుడే అభ్యంతరం నమోదు చేసుకోండి.