‘సల్ఫైట్లు లేని’, ‘సల్ఫైట్లు కలపని’: రెండూ ఒకటేనా?

మిత్రులకు నమస్కారం. వైన్ సీసాల మీది ఆరోగ్య, పర్యావరణ లేబుళ్ల గురించిన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. సల్ఫైట్లంటే వైన్ పాడవకుండా వేసే గంధక పదార్థాలు. ‘నో యాడెడ్ సల్ఫైట్స్’ అన్నదాన్ని ‘సల్ఫైట్లు లేని వైన్’ అని రాశాను. చదివిన ఒకాయన ‘కలపని’ అనాలన్నారు. ‘లేని’ చిన్నగా, చదవడానికి హాయిగా ఉంది కదా, అంత తేడా ఉందంటారా? ‘మేడ్ విత్ ఆర్గానిక్ గ్రేప్స్’కు ‘సేంద్రియ ద్రాక్ష వైన్’ అన్న మాటైనా సరిపోతుందా?

జవాబు:
ఆయన చెప్పిందే సరైనదండీ. ‘లేని’ అన్నది సీసాలో ఏముందో చెప్పే మాట. ‘కలపని’ అన్నది చేసినవాళ్ల పని గురించిన మాట. ద్రాక్షరసం పులిసేటప్పుడు ఈస్ట్ తానే కొంత సల్ఫైట్ తయారు చేస్తుంది. బయటి నుంచి చిటికెడు వేయకపోయినా సీసాలో కాస్తో కూస్తో ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్లు పడవు. లీటరుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే ఆ సంగతి సీసా మీద రాయాలని అమెరికాలోనూ యూరప్‌లోనూ నియమం ఉంది. సల్ఫైట్లు పడని మనిషి మీ ‘లేని’ చూసి ధైర్యంగా కొనుక్కుంటే? అచ్చులో రెండక్షరాలు కలిసొస్తాయని ఆ పొరపాటు చేయొద్దు, దయచేసి.

ఇక ‘సేంద్రియ ద్రాక్ష వైన్’. ఇందులో ‘సేంద్రియ’ దేనికి విశేషణం, ద్రాక్షకా, వైన్‌కా? ఇంకోచోట అయితే నేనూ పట్టించుకోను. ఇక్కడ చట్టం గీత గీసింది సరిగ్గా ఆ రెండింటి మధ్యే. అమెరికాలో ‘సేంద్రియ వైన్’ అనాలంటే సల్ఫైట్లు కలపకూడదు. ‘సేంద్రియ ద్రాక్షతో చేసిన వైన్’లో అయితే లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. యూరప్ లెక్క వేరు. అక్కడ 2012 దాకా ‘సేంద్రియ ద్రాక్షతో చేసిన’ అనే రాసుకోవాలి. ఆ ఏడాది పంట నుంచి ‘సేంద్రియ వైన్’ అనడానికి ఒప్పుకున్నారు, సల్ఫైట్లకు మాత్రం మామూలు వైన్ కంటే తక్కువ పరిమితి పెట్టారు. కాబట్టి ‘తో చేసిన’ రాయాల్సిందే. ఏ దేశపు సీసానో కూడా చెప్పండి.

ఇంకొకరు:
నా బాధ ‘సేంద్రియ’ అన్న మాటతోనే. స + ఇంద్రియ, గుణసంధి. మాట పుట్టుక తెలిసినవాళ్లకు కూడా ఇప్పుడు చెవిలో పడేది ‘ఒంటికి మంచిది’ అనే. నిజానికి అది మట్టి గురించి, పురుగుమందుల గురించి, సాగు గురించి చెప్పే మాట. సేంద్రియ వైన్‌లోనూ ఆల్కహాల్ ఉంటుంది. మద్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. పర్యావరణ లేబుల్‌ను ఆరోగ్య లేబుల్‌గా చదువుకోవడం కొనేవాళ్లలో చాలా మామూలు. మన అనువాదం దానికి తోడు కాకూడదు.

తమాషా ఏమిటంటే, ఆ మాట అన్నిసార్లూ అమ్మకానికి పనికిరాదు కూడా. కాలిఫోర్నియా వైన్ల ధరలను డెల్మాస్, గ్రాంట్ అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలించారు. సేంద్రియ సర్టిఫికెట్ ఉన్న వైన్‌కు ధర ఎక్కువ పలికింది. అదే సంగతి సీసా మీద అచ్చు వేస్తే ఆ లాభం పోయింది! సేంద్రియం అనగానే రుచి తగ్గుతుందేమో అన్న అనుమానం కొనేవాళ్లకు ఉండటం ఒక కారణం కావచ్చు. ఒకే మాట ఒకరికి ఆరోగ్యంగా, ఇంకొకరికి చప్పదనంగా వినిపిస్తుందన్నమాట.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ‘ఆరోగ్యకరమైన ఎంపిక’ అని ఒక ఉపశీర్షిక పెట్టాను, ఇప్పుడే తీసేశాను. 2023 డిసెంబరు 8 తర్వాత తయారైన వైన్‌కు యూరప్‌లో పదార్థాలు, పోషకాల వివరాలు తప్పనిసరి అన్న భాగం మిగిలింది. క్యాలరీలు, అలర్జీ కలిగించే పదార్థాలు సీసా మీదే ఉండాలి, మిగతావి క్యూఆర్ కోడ్‌లో ఇవ్వొచ్చు. అక్కడ మాటల ఇబ్బంది లేదు. ‘నేచురల్ వైన్’కు మాత్రం ‘సహజ వైన్’ అనాలంటే ఇప్పుడు భయమేస్తోంది.

జవాబు:
భయపడటం మంచిదే. ఫ్రాన్స్‌లో 2020లో గుర్తింపు పొందిన లేబుల్ పేరు చూడండి: ‘వాన్ మెతోద్ నాతూర్’. మధ్యలో ‘పద్ధతి’ అన్న మాట ఉంది. అందులోనూ రెండు రకాలు: సల్ఫైట్లు కలపనిది ఒకటి, లీటరుకు 30 మిల్లీగ్రాముల లోపు ఉండేది ఇంకొకటి. ‘సహజ పద్ధతి వైన్’ అని రాసి, మొదటి రకమైతే పక్కనే ‘సల్ఫైట్లు కలపనిది’ అనండి.