శరణార్థి కుటుంబానికి ఎంతవరకు ఇవ్వాలి? విశ్వాసుల సలహా కోరుతున్నాను

యుద్ధం వల్ల ఇల్లూవాకిలీ వదిలి వచ్చిన ఒక శరణార్థి కుటుంబానికి మా సంఘంలో కొందరం కలిసి ఏడు నెలలుగా అద్దె కడుతున్నాము. మిగిలినవారు ఒక్కొక్కరే తప్పుకోవడంతో భారమంతా మా ఇంటి మీదే పడింది; మా అమ్మాయి చదువు కోసం దాచిన సొమ్ములో సగం ఇప్పటికే అయిపోయింది. అయినా మానేయడానికి మనసొప్పడం లేదు. మేమిచ్చిన ప్రతి మొత్తాన్నీ ఆ తల్లి తేదీతో సహా పిల్లవాడి నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకుంది. ఎప్పటికైనా తీరుస్తానంటూ మొన్న నాకు చూపించింది.

మార్కు సువార్త 12వ అధ్యాయంలోని బీద విధవరాలు తన జీవనమంతా కానుకపెట్టెలో వేసింది. మాసిదోనియ సంఘాలవారు నిరుపేదలైనా శక్తికి మించి ఇచ్చారని 2 కొరింథీయులు 8వ అధ్యాయంలో రాసిన పౌలే, ఇతరులకు తేలికగా, మీకు భారంగా ఉండాలని కాదు, సమానత్వం కోసమే చెబుతున్నానని 13వ వచనంలో అంటాడు. సొంత ఇంటివారిని పోషించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని 1 తిమోతి 5:8 హెచ్చరిస్తుంది. ఈ వచనాల మధ్య నాకు నిద్ర పట్టడం లేదు.

ఇలాంటి స్థితిని దాటినవారు దయచేసి చెప్పండి: త్యాగానికీ, ఇంటి బాధ్యతకూ మధ్య గీత ఎక్కడ గీశారు? తప్పుకున్నవారిని నొప్పించకుండా మళ్లీ ఎలా కలుపుకున్నారు?