ఇడ్లీ, చద్దన్నం, పెరుగు: వీటిలో నిజంగా ప్రొబయోటిక్ ఏది?

గోదారిగట్టు:
ఇడ్లీ పిండి పులుస్తుంది కదా, మరి ఇడ్లీ ప్రొబయోటిక్, అంటే మేలుచేసే సూక్ష్మజీవులు బతికుండే తిండి, కాదా? చద్దన్నంలో పాలు పోసి తోడుపెడితే ఒక్కోరోజు తీగలు సాగుతోంది, ఎందుకని? యాంటీబయోటిక్ వాడుతూ పెరుగు తినొచ్చా?

తోడుచుక్క:
ఇడ్లీ కాదండీ. పిండిని పులియబెట్టిన ల్యూకోనోస్టాక్, లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా ఆవిరికే చచ్చిపోతాయి. మజ్జిగపులుసు సంగతీ అంతే. అలాగని పులియబెట్టడం వృథా కాదు, పప్పులో ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ తగ్గి ఇనుము ఒంటికి బాగా అందుతుంది.

చద్దన్నానికి కప్పు అన్నం మెదిపి, కాచిన పాలు ఒకటిన్నర కప్పులు పోయండి. వేలు పెడితే గోరువెచ్చగా, అంటే 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే అర చెంచా తాజా పెరుగు కలపాలి. పొగలు కక్కే అన్నంలో వేస్తే తోడు చచ్చి, పొద్దునకి పాలు పాలలాగే ఉంటాయి, లేదా విరుగుతాయి. ఉప్పు పొద్దున్నే. ఎండాకాలం 6 గంటలు చాలు.

తీగ సాగడం తోడు తప్పే. కొన్ని బ్యాక్టీరియా జిగురు చక్కెరలు తయారుచేస్తాయి. వాసన బాగుంటే హాని లేదు, తోడు మార్చేయండి. గులాబీ, నారింజ మచ్చ కనిపిస్తే మాత్రం మొత్తం పారబోయాల్సిందే. పైది తీసేసి తినడం వద్దు.

మందులచీటీ:
ఒక చిన్న పేచీ. ప్రొబయోటిక్ అంటే తగినంత మోతాదులో మేలు చేస్తుందని తేలిన సజీవ సూక్ష్మజీవి. ఇంటి పెరుగులో ఏ రకం, ఎన్ని ఉన్నాయో లెక్క ఉండదు. మంచి ఆహారమే, మందు అనుకోవద్దు.

డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్‌లను పెరుగుతో మింగకండి. పెరుగులోని కాల్షియం మందును పట్టేసుకుంటుంది, ఒంటికి ఎక్కదు. మాత్ర వేసుకున్నాక కనీసం 2 గంటలు ఆగి పెరుగు తినండి. డాక్టర్లు రాసే ప్రొబయోటిక్ సాక్రోమైసిస్ బౌలార్డీ ఈస్టు కాబట్టి యాంటీబయోటిక్ దాన్నేమీ చేయదు, ఫంగస్ మందులు చంపేస్తాయి. కీమో నడుస్తున్నవాళ్లు, మెడ నరంలో సెంట్రల్ లైన్ (మందులెక్కించే గొట్టం) ఉన్నవాళ్లు అడగకుండా ఏ ప్రొబయోటిక్ గుళికా వేసుకోకూడదు.

పచ్చిఉల్లి:
ప్రీబయోటిక్‌ని ఎవరూ పట్టించుకోలేదే! చద్దన్నంలో నంజుకునే ఉల్లిపాయే అది. అందులోని ఇన్యులిన్ అనే పీచు మనకు అరగదు, పెద్దపేగులోని బ్యాక్టీరియాకు మేత. కడుపుబ్బరం ఉన్నవాళ్లు పావు ఉల్లిపాయతో మొదలుపెట్టి, వారానికి కాస్త పెంచండి. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం తెచ్చే పేగుల సమస్య) ఉంటే ఉల్లి, వెల్లుల్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

గోదారిగట్టు:
అర చెంచానా! ఇక్కడ గరిటెడు పడుతోంది.

తోడుచుక్క:
అందుకే త్వరగా పులిసి నీళ్లు విడుస్తుందండీ. చలికాలంలో చెంచా వేసి, గిన్నెకు గుడ్డ చుట్టండి.