ప్రాయిద్ ఉప్పు గని, సొవాతా చెరువు: పెద్దవాళ్ళని అంత దూరం తీసుకెళ్ళాలా?

బరంపురం వాసి:
ఉబ్బసానికి ఉప్పు గని గాలి, మోకాళ్ళకి ఉప్పు చెరువు స్నానం అంటూ రుమేనియా కొండల్లోని ప్రాయిద్ ఊరి వీడియోలు మన గ్రూపుల్లో తిరుగుతున్నాయి. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలని కొందరు డబ్బు కూడబెడుతున్నారు కూడా. నా మాట సూటిగా చెప్తాను. తప్తపాణి వేడినీటి ఊట మన బరంపురానికి 50 కిలోమీటర్లు. గంధకం నీళ్ళు ఇంటి దగ్గరే ఊరుతుంటే అంత దూరం పోవడం దండగ. కాదనేవాళ్ళు కారణాలు చెప్పండి.

పర్లాకిమిడి:
దండగో కాదో తర్వాత చూద్దాం. ముందు ఆ గని సంగతి తెలుసుకోవాలి కదండీ. 2025 మే నెలాఖరులో కొరుంద్ వాగు పొంగి గనిలోకి దారి చేసుకుంది. రాతి గని అయితే నీళ్ళు తోడెయ్యొచ్చు. ఉప్పు గనిలో నీరు గోడనే కరిగించేస్తుంది, చిన్న చిల్లు బిలమైపోతుంది. గని మునిగి మూతపడింది. వీడియోల్లో కనిపించే బస్సు ప్రయాణం, 120 మీటర్ల లోతున పిల్లల ఆటస్థలం అన్నీ అంతకు ముందువి. ప్యాకేజీలో ‘ప్రాయిద్ గని చికిత్స’ అని ఉంటే అడ్వాన్సు కట్టకండి.

అయితే ఉప్పు చెరువున్న సొవాతా ఊరు అక్కడికి 7 కిలోమీటర్లే, దాని సంగతి వేరు. అక్కడి ఎలుగుబంటి చెరువు 1875లో ఉప్పు నేల కుంగి ఏర్పడింది. గంధకం ఊటతో దాన్ని పోల్చడం సరికాదు.

గంజాం ఉప్పు మళ్ళు:
పోలిక ఎందుకు కుదరదో హుమ్మలోనో నౌపడలోనో పనిచేసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఉప్పు మడి మీద వాన పడితే మంచినీరు పైన తేలుతుంది, చిక్కటి ఉప్పునీరు అడుగునే ఉంటుంది. గట్టు తెంపి పై నీటిని వదిలేస్తాం. ఆ చెరువులోనూ అంతే. పైనుంచి చిన్న వాగుల మంచినీరు వచ్చి పలచని దుప్పటిలా పరుచుకుంటుంది. ఎండ దాన్ని దాటి కింది ఉప్పునీటిని వేడెక్కిస్తుంది. మామూలు చెరువులో వేడి నీరు పైకి లేస్తుంది, ఇక్కడ ఉప్పు బరువు దాన్ని లేవనివ్వదు. అందుకే కాస్త లోతున నీళ్ళు పైకంటే వెచ్చగా ఉంటాయి. తప్తపాణి వేడి భూమిలోంచి వచ్చేది, అక్కడిది సూర్యుడిది.

జనం ఎక్కువసేపు కలియదొక్కితే పొరలు కలిసిపోయి వేడి పోతుంది. అందుకే అక్కడ మధ్యాహ్నం 1 నుంచి 3 దాకా స్నానాలు ఆపే పద్ధతి ఉంది. ఆ వేళకి చేరుకుంటే గట్టున కూర్చోవడమే. ఉదయం పూటే వెళ్ళండి.

రాయగడ:
వేడి సరే, జబ్బు మాట చూద్దాం. ఉప్పు గని వైద్యం కొత్తదేం కాదు. పోలండ్‌లోని వియెలిచ్కా గని దగ్గర 1839లోనే ఉప్పు స్నానాల వైద్యశాల పెట్టారు. కానీ ఉబ్బసం మీద గని గాలి పరీక్షల్ని, వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2001లో సమీక్షిస్తే, లెక్కకి నిలిచినవి మూడే. మొత్తం 124 మంది పిల్లలు. పనిచేస్తుందని చెప్పడానికి అది చాలదని తేల్చారు.

గనిలో హాయిగా ఉండటానికి కారణం లేకపోలేదు. దుమ్ము, పుప్పొడి తక్కువ, చల్లదనం నిలకడగా ఉంటుంది. పైకి రాగానే పాత దుమ్మే మళ్ళీ ఎదురవుతుంది. ఉప్పు తుంపర కొందరి ఊపిరి గొట్టాల్ని బిగిస్తుంది కూడా. ఉబ్బసం నిర్ధారణకి 4.5 శాతం ఉప్పునీటి ఆవిరి పీల్పించి చూసే పరీక్షే ఒకటుంది. గనికి వెళ్తున్నామని ఇన్‌హేలర్ మానేయడం ఘోరమైన తప్పు. రోజూ వాడేది వాడాల్సిందే, ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది జేబులో ఉండాల్సిందే.

పర్లాకిమిడి:
ఉబ్బసం విషయంలో మీ మాటే ఒప్పుకుంటాను. కీళ్ళ విషయంలో ఒప్పుకోను. చిక్కటి ఉప్పునీటిలో మనిషి తేలిపోతాడు, మోకాలి మీద బరువు పడదు. నేల మీద మడవలేని కాలు అక్కడ మడుస్తారు. కీలు అరుగుదల పోదు గాని ఆ కాసేపు కదలిక వస్తుంది, అదీ విలువైనదే.

పద్ధతి తెలియాలి. ముందురోజు గడ్డం గీసుకోకూడదు, గాట్లు భగ్గున మండుతాయి. వెల్లకిలా తేలాలి. బోర్లా పడితే కాళ్ళు పైకి తేలిపోయి తల ఎత్తడం కష్టం, పెద్దవాళ్ళ పక్కన ఒకరు ఉండి తీరాలి. కంట్లో పడితే ఆ చేత్తోనే నలపొద్దు, సీసాలో మంచినీళ్ళు గట్టున పెట్టుకోండి. 20 నిమిషాలకి బయటికి వచ్చి, కాసేపు కూర్చున్నాకే నిలబడాలి. వెచ్చటి నీళ్ళకి రక్తనాళాలు సడలి కళ్ళు తిరుగుతాయి. బీపీ మందు వేసుకునేవాళ్ళకి మరీను.

కిన్వట్:
అన్నా, ఇదంతా మా దిక్కు ఉన్కేశ్వర్ కుండానికి కూడా పనికొస్తది. గంధకం నీళ్ళల్ల దిగే ముందు పట్టీలు, మట్టెలు తీసెయ్యాలె, వెండి నల్లగైతది. వెచ్చటి మంచినీళ్ళల్ల తల ముంచొద్దు. మెదడుకు ఎక్కే అమీబా అసుంటి నీళ్ళల్ల బతుకుతది, ముక్కు నుంచే పోతది. షుగర్ ఉండి అరికాళ్ళు మొద్దుబారినోళ్ళు కాలుతో వేడి చూడొద్దు, మోచేతితో చూడాలె. పుండు ఉంటే ఉప్పు చెరువైనా గంధకం కుండమైనా దిగొద్దు.

బరంపురం వాసి:
చెరువు వేరు, ఊట వేరు అన్నది ఒప్పుకున్నాను. అయినా మోకాళ్ళ కోసమే అంత ఖర్చు సబబని ఇప్పటికీ అనుకోను. తేలి కాలు ఆడించడమే అయితే మనకి దగ్గర్లో ఈతకొలను, నేర్పే ఫిజియో ఉంటే చాలు. విహారంగా వెళ్తామంటే అడ్డు చెప్పను. మరి గని కూడా చూడాలనుకునేవాళ్ళకి ప్రాయిద్ బదులు ఏది?

పర్లాకిమిడి:
అదే దేశంలో క్లుజ్ నగరానికి 30 కిలోమీటర్లలో తుర్దా ఉప్పు గని ఉంది. వీసా తేలికైంది. 2025 జనవరి 1 నుంచి రుమేనియా పూర్తిగా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాల కూటమిలో ఉంది, కాబట్టి పోలండ్‌కీ అదే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు చేయొచ్చు, 15 రోజుల లోపైతే తీసుకోరు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాత జబ్బులు అందులో కలుస్తాయో లేదో కాగితం చదివి చూడండి, పెద్దవాళ్ళ పాలసీలు అక్కడే దెబ్బతింటాయి.

మోకాళ్ళ నొప్పులవాళ్ళు ముందుగా అడగాల్సింది మెట్ల గురించి. వియెలిచ్కా సందర్శన దారిలో 800 మెట్లు, అందులో 380 మొదట్లోనే దిగాలి. పైకి మాత్రం లిఫ్టు. తుర్దాలో లోపల లిఫ్టు ఉంది గాని వరస పొడుగ్గా ఉంటే 172 మెట్లు గతి. లోపల 10 నుంచి 12 డిగ్రీల చలి. స్వెటర్, మంకీ క్యాప్, జారని బూట్లు పెట్టుకోండి. చెప్పులతో దిగొద్దు.